38 కిలోమీటర్లు, మధ్యలో ఊరు లేదు

పోయిన వారం స్పెయిన్‌లో సెవిల్లా నుంచి ఉత్తరానికి నడక మొదలుపెట్టిన సంగతి రాశాక, చాలామంది ఒకే ప్రశ్న వేశారు. "శాంతియాగో యాత్ర అంటే ఫ్రాన్స్ సరిహద్దు నుంచి వెళ్లే దారే కదండీ, సినిమాల్లో కూడా అదే చూపిస్తారు. మీరిదేదో పేరు వినని దారి పట్టుకున్నారేంటి?" అని. ఒకావిడైతే "ఆ వయసులో తోడు లేకుండా ఒంటరిగా నడవడం అవసరమా అమ్మా" అని మెత్తగా మందలించారు కూడా.

ముందు మొదటి ప్రశ్న సంగతి. శాంతియాగో దె కొంపోస్తెలా స్పెయిన్ దేశపు వాయవ్య మూలన ఉన్న ఊరు. ఏసుక్రీస్తు శిష్యుల్లో ఒకరైన యాకోబు సమాధి అక్కడ ఉందని తొమ్మిదో శతాబ్దం నుంచీ నమ్మకం. అక్కడికి చేరే దారులు బోలెడు. 2024లో నడిచో, సైకిలు తొక్కో అక్కడికి చేరి యాత్రా పత్రం తీసుకున్నవాళ్లు దాదాపు 5 లక్షల మంది. పత్రానికి చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు కాబట్టి, చాలామంది సరిగ్గా ఆ దూరం చూసుకునే మొదలుపెడతారు. నేను పట్టుకున్న 'వియా దె లా ప్లాతా' మీదుగా వచ్చేవాళ్లు నూటికి ఇద్దరో ఏమో. తిరుమల కంపార్టుమెంట్లలో కూర్చుని కూర్చుని క్యూ అంటేనే నీరసం వచ్చిన మనిషిని. ఎనిమిది వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్లి మళ్లీ క్యూలో నడుస్తానా?

ప్లాతా అంటే వెండి. అయితే ఈ దారికీ వెండికీ సంబంధం లేదనే ఎక్కువమంది పండితులు చెబుతారు. రాళ్లు పరిచిన బాటని అరబ్బులు 'అల్ బలాత్' అన్నారట, అదే జనం నోట్లో నలిగి ప్లాతా అయిందట. రాళ్లు పరిచింది మాత్రం అరబ్బులు కాదు, రోమన్లు. మెరిదా నుంచి అస్తోర్గా దాకా వాళ్లు వేసిన సైన్యపు రోడ్డే తర్వాత యాత్రికుల దారి అయింది.

ఈ వారం ఒక్క రోజు నడక గురించే రాస్తాను. ఎక్స్‌త్రెమదూరా రాష్ట్రంలో కార్కబోసో అనే ఊరి నుంచి అల్దెయానువేవా దెల్ కమీనో దాకా. 38 కిలోమీటర్లు. మధ్యలో ఒక్క ఊరు లేదు. కొట్టు లేదు, కాఫీ లేదు. ఈ దారి నడిచినవాళ్లు ఇద్దరు కలిస్తే ముందు అడిగేది ఈ రోజు గురించే. కొందరు పాతిక కిలోమీటర్ల దగ్గర ఆగి, టాక్సీని పిలిపించుకుని పక్క ఊళ్లో పడుకుని, మర్నాడు మళ్లీ అదే చోటికి వచ్చి నడుస్తారు. నేనూ అదే చేద్దామనుకున్నాను గానీ, ముందు రాత్రి కార్కబోసోలో బార్ నడిపే పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "నడవగలవు ఇహా, పొద్దున్నే బయల్దేరు" అంది. ఇహా అంటే కూతురా అని. అరవైకి దగ్గరపడుతున్న నన్ను కూతురా అని పిలిచే మనిషి మాట కొట్టేయడం ఎలా?

అన్నట్టు అక్కడ బార్ అంటే మనం అనుకునే బార్ కాదు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పేకాట, మధ్యలో బీరు. మన ఊళ్లో టీకొట్టూ రచ్చబండా కలిపితే ఎలా ఉంటుందో అది. నాకు మాంసం వద్దు, గుడ్డయితే తింటానని వచ్చీరాని స్పానిష్‌లో చెప్పాను. "అలాగే, మాంసం వెయ్యను" అని గుడ్ల అట్టు తెచ్చింది. పైన సన్నగా తరిగిన పంది తొడ మాంసం. అదేంటమ్మా అంటే, "ఇది మాంసం కాదు, హమోన్" అంది ఆశ్చర్యంగా. ఆ ప్రాంతంలో అది ఉప్పూ కారం లాంటి వస్తువు, మాంసం లెక్కలోకి రాదు. పక్కకి తీసి తిన్నాను. వెళ్లేటప్పుడు రెండు ఉడికించిన గుడ్లు కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, రెండు మాటలు చెప్పింది. "నీళ్లు మూడు లీటర్లు తీసుకెళ్లు. గేట్లు వేసి వెళ్లు."

గేట్లేమిటో మర్నాడు తెలిసింది.

ఏప్రిల్ చివరి వారం. అక్కడ ఆ రోజుల్లో ఏడుంపావు దాటితే గానీ సూర్యుడు రాడు. ఆరున్నరకి నుదుటి లైటు పెట్టుకుని బయల్దేరాను. చర్చి గుమ్మం దగ్గర గుండ్రటి రాతి స్తంభాలు కనిపించాయి. రోమన్ల మైలురాళ్లు అవి. వాళ్ల మైలు మన కిలోమీటరున్నర కంటే కాస్త తక్కువ. ఎక్కడో రోడ్డు పక్కన పాతిన రాళ్లని తర్వాతివాళ్లు మోసుకొచ్చి చర్చికి వాడుకున్నారు. మన దగ్గర పాత గుడి రాళ్లు చెరువు కట్టలోకీ ఇంటి గుమ్మంలోకీ చేరినట్టే.

ఊరు దాటగానే తోవ చూపించేది పసుపు బాణం. చెట్టు మీద, రాయి మీద, కంచె స్తంభం మీద, ఎవరో బ్రష్షుతో గీసిన చిన్న పసుపు బాణం. దీని వెనక ఒక మనిషి ఉన్నాడు. ఒ సెబ్రెయిరో అనే కొండ ఊరి చర్చి ఫాదర్, ఎలియాస్ వలీన్యా. 1980లలో ఏడాదికి కొన్ని వందలమంది మాత్రమే నడిచే రోజుల్లో, తన కారులో పసుపు రంగు డబ్బా పెట్టుకుని, ఫ్రాన్స్ వైపు దారి పొడుగునా బాణాలు గీసుకుంటూ పోయాడు. 1989లో పోయాడాయన. అటుపైన స్పెయిన్‌లో ప్రతి దారీ అదే రంగు, అదే బాణం. ఇప్పటికీ చాలాచోట్ల వెలిసిపోయిన బాణాలకి మళ్లీ రంగు వేసేది జీతం లేని స్వచ్ఛంద సంఘాలవాళ్లే. ఎక్స్‌త్రెమదూరాలో వీటికి తోడు ప్రభుత్వం పాతిన చదరపు గ్రానైట్ దిమ్మలు కూడా ఉంటాయి. పసుపు పలక ఉంటే యాత్రికుల దారి, పచ్చ పలక ఉంటే అసలు రోమన్ రోడ్డు.

గంట నడిచేసరికి పొలాలు అయిపోయి 'దెయెసా' మొదలైంది. దీన్ని అడవి అనలేం, తోట అనలేం. మన మామిడితోటలోలా ఎడమెడంగా ఓక్ చెట్లు, కింద గడ్డి, గడ్డిలో ఆవులు. చెట్లని గొడుగులా కత్తిరించి తరతరాలుగా మనుషులు తయారుచేసిన అడవి ఇది. శరదృతువులో ఓక్ కాయలు రాలతాయి, నల్ల పందులు అవి తిని బలుస్తాయి, ఆ హమోన్‌కే అంత ఖరీదు. నేను వెళ్లింది వసంతం కాబట్టి పందులు లేవు. గడ్డంతా ఊదారంగు అడవి లావెండర్, తెల్ల రేకుల మీద ముదురు ఎరుపు చుక్కలున్న హారా పూలు. హారా ఆకు పట్టుకుంటే జిగురు అంటుకుని సాయంత్రం దాకా చేతికి వాసన వదల్లేదు. దూరంగా కోకిల జాతి పిట్ట ఒకటి కూస్తూనే ఉంది. మన కోయిలలా సాగదీయదు, రెండే అక్షరాలు, గడియారం కొట్టినట్టు.

ఇక గేట్లు. దారి ఒకరి ఎస్టేట్‌లోంచి ఇంకొకరి ఎస్టేట్‌లోకి వెళుతూ ఉంటుంది. ప్రతి సరిహద్దు దగ్గరా ఇనుప గేటో, తీగా కర్రా కలిపి కట్టిన తలుపో. కొన్నిటికి గొళ్లెం, కొన్నిటికి తాడు, ఒకదానికి మంచం స్ప్రింగు! తీయాలి, అవతలికెళ్లాలి, మళ్లీ వేయాలి. వేయకపోతే ఆవులు రోడ్డెక్కుతాయి. కాపలావాళ్లు లేరు, కెమెరా లేదు. నేను తొమ్మిది దాకా లెక్కపెట్టి వదిలేశాను. అన్నీ వేసే ఉన్నాయి.

అంత పెద్ద కమతాల యజమానులు దారినపోయేవాళ్లని ఎందుకు రానిస్తారు? వాళ్లు రానివ్వడం కాదు, ఆపడానికి వీల్లేదు. ఈ దారి చాలాచోట్ల పాత పశువుల బాట. వేసవిలో ఉత్తరపు కొండలకీ, చలికాలం ఈ వెచ్చటి మైదానాలకీ గొర్రెల మందల్ని వందల కిలోమీటర్లు తోలుకెళ్లేవాళ్లు. 1273లోనే కాస్తీయా రాజు పదో అల్ఫోన్సో గొర్రెలకాపర్ల సంఘానికి హక్కులిచ్చాడు. పెద్ద బాటలు 75 మీటర్ల వెడల్పు. మందలు తగ్గిపోయాయి గానీ బాట పోలేదు. 1995లో చేసిన చట్టం ప్రకారం ఇవి ప్రజల ఆస్తి, అమ్మడానికి లేదు, ఆక్రమించడానికి లేదు. మా ఊళ్లో పుంతదారి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు రెండెడ్లబళ్లు ఎదురెదురుగా పోయేంత వెడల్పుండే పుంత, రెండువైపులా గట్లు జరుపుకుంటూ వచ్చి ఇప్పుడు స్కూటరు పోవడమే గగనం. కాగితంలో మనకీ హక్కు ఉంది. స్పెయిన్‌లోనూ ఆక్రమణలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఇక్కడ ఆ బాట మీద ఎవరో ఒకరు నడుస్తూనే ఉన్నారు. మా పుంత మీద నడిచేవాళ్లే లేకుండా పోయారు.

పదకొండు దాకా నాకు కనబడ్డ మనుషులు ఇద్దరు. జీపులో వచ్చిన పశువుల కాపరి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "బుఎన్ కమీనో" అన్నాడు. మంచి నడక జరుగుగాక అని. రెండో ఆయన నెదర్లాండ్స్ నుంచి వచ్చిన రిటైర్డ్ మేష్టారు, నాకంటే రెండింతలు అంగలేస్తూ దాటిపోయాడు. ఒంటరిగా భయం వేయలేదా అని అడిగిన పాఠకురాలికి జవాబు: వేసింది, ఒక్కసారి. పోట్లాట ఎద్దులున్నాయి జాగ్రత్త అని బోర్డున్న చోట. ఎద్దులు కంచె అవతలే ఉన్నాయని నిదానంగా చూసుకున్నాక గానీ అడుగు పడలేదు.

పంతొమ్మిది కిలోమీటర్ల దగ్గర, ఏమీ లేని మైదానంలో, కాపర్రా తోరణం.

ఎలా చెప్పాలి? చార్మినార్‌లోంచి మినార్లూ పై అంతస్తూ తీసేసి, కింద నాలుగు కమానుల్నే వదిలేయండి. నాలుగు వైపులా నాలుగు ద్వారాలు, రెండు వీధులు కలిసేచోట నిలబెట్టిన కట్టడం. చార్మినార్ 1591. ఇది దానికి పదిహేను శతాబ్దాల ముందుది, క్రీస్తుశకం మొదటి శతాబ్దం. మార్కుస్ ఫిదియుస్ మాకెర్ అనే స్థానిక పెద్దమనిషి కట్టించాడు. రోమన్ల కాలంలో ఇక్కడ పట్నం ఉండేది, సభామండపం, స్నానశాలలు అన్నీ. ఇప్పుడు పునాదులు, ఈ తోరణం మిగిలాయి. చార్మినార్ కింద నిలబడితే గాజుల బేరాలు, ఆటోల హారన్లు. ఇక్కడ నిలబడితే గాలి. పక్కనున్న సందర్శకుల కేంద్రంలో నీళ్లు పట్టుకుని, తోరణం నీడలో చెప్పులు విప్పి, ఆ రెండు గుడ్లు తిన్నాను. డైరీలో ఒక్క వాక్యం రాసుకున్నాను. 'ఇంత నిశ్శబ్దం నా జీవితంలో వినలేదు' అని.

మధ్యాహ్నం నడక గురించి రాయడానికేం లేదు. ఎండ, తారు రోడ్డు, కొంతదూరం హైవే పక్కనే. ముప్పై దాటాక కాళ్లు నావి కావు. సాయంత్రం ఆరింటికి అల్దెయానువేవా చేరాను. చిత్రమైన ఊరు. మధ్యలోంచి పోయే ఈ దారే ఒకప్పుడు లెయోన్, కాస్తీయా రాజ్యాల సరిహద్దు. తర్వాత కూడా ఒక వైపు ఒక బిషప్ కింద, రెండో వైపు ఇంకో బిషప్ కింద. అందుకే అంత చిన్న ఊళ్లో రెండు పెద్ద చర్చిలు. ఒకదాని గంట మీద కొంగలు గూడు పెట్టాయి.

రాత్రి బార్‌లో వెల్లుల్లి సూపు చెప్పాను. ఎర్రగా వచ్చింది, పొగవాసనతో. పిమెంతోన్ అనే మిరపపొడి అది. ఆ చుట్టుపక్కల మిరపకాయల్ని ఎండలో కాదు, ఓక్ కట్టెల పొగ మీద పది పదిహేను రోజులు ఆరబెట్టి దంచుతారు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మిరప ఈ ప్రాంతపు మఠాల తోటల్లో మొలకెత్తింది. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చి గుంటూరు దాకా చేరింది. గుంటూరు మిర్చి చుట్టమే గానీ బొత్తిగా సౌమ్యురాలు. సంచిలోంచి గొడ్డుకారం డబ్బా తీసి కాస్త చల్లుకుంటుంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన ఆసక్తిగా చూశారు. కొంచెం ఇచ్చాను. కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వారు. అలా మాట కలిసింది. ఎక్స్‌త్రెమదూరావాళ్లు మాటల చివర 'స'కారం మింగేస్తారు కాబట్టి సగం అర్థం కాదు, నాకోసం ఆయన నిదానంగా మాట్లాడారు.

నడక ఎలా ఉంది అని అడిగారు. ఎంత నిశ్శబ్దమో, ఎంత బాగుందో చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆ నిశ్శబ్దం మేం వెళ్లిపోతే వచ్చిందమ్మా" అన్నారు.

ఆయనది గ్రనదీయా. కాపర్రాకి పెద్ద దూరం లేదు, కోటగోడ చుట్టూ ఉన్న పాత ఊరు. 1950లలో అలగోన్ నది మీద ఆనకట్ట తలపెట్టారు. దానికి ఆ ప్రాంతపు కవి గాబ్రియేల్ ఇ గలాన్ పేరు పెట్టారు. ఊరు ముంపులో పోతుందని 1955లో ఫ్రాంకో ప్రభుత్వం హుకుం జారీచేసి భూములు తీసుకుంది. నీళ్లు వచ్చాయి. పొలాలు మునిగాయి. ఊరు మునగలేదు! మెట్ట మీద ఉంది కదా, మూడు వైపులా నీళ్లతో అలాగే నిలబడింది. అయినా ఖాళీ చేయించారు. 1964కి ఆఖరి కుటుంబాలు కూడా వెళ్లిపోయాయి. "మా నాన్న తలుపు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికివ్వాలో తెలీక" అన్నారాయన. బిల్బావోలో ఫ్యాక్టరీ పని, అక్కడే చదువు, పెళ్లి. రిటైరయ్యాక తిరిగొచ్చి ఈ ఊళ్లో ఉంటున్నారు, సొంత ఊరికి వీలైనంత దగ్గర్లో.

ఆయనొక్కరే కాదు. 1960లో దాదాపు 14 లక్షలున్న ఎక్స్‌త్రెమదూరా జనాభా ఇప్పుడు పదిన్నర లక్షలు. మాద్రిద్, బార్సెలోనా, జర్మనీ వెళ్లినవాళ్లు వెళ్లగా మిగిలినవాళ్లు. ఆనకట్ట నీళ్లు వృథా పోలేదు, దిగువన అలగోన్ లోయ పొలాలన్నీ వాటితోనే పచ్చబడ్డాయి. కొత్త ఊళ్లు కట్టి రైతుల్ని తెచ్చి పెట్టారు. ఆ సంగతీ ఆయనే చెప్పారు, ఎక్కడా నిష్ఠూరం లేకుండా. "నీళ్లు మంచివే. ఊరు ఎందుకు ఖాళీ చేయించారన్నదే నా ప్రశ్న" అన్నారు.

1980లో గ్రనదీయాని చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఆ తర్వాతి ఏళ్లలో స్కూలు పిల్లలు వంతులవారీగా వచ్చి గోడలు కట్టి, తోటలు పెంచి, కొన్ని ఇళ్లు మళ్లీ నిలబెట్టారు. పర్యాటకులు చూడొచ్చు. ఊరివాళ్లకి ఇళ్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఏడాదికి రెండుసార్లు, ఆగస్టు 15న మేరీమాత పండక్కి, నవంబరు 1న పెద్దల పండక్కి అందరూ అక్కడ కలుస్తారు. చిన్నప్పుడు వెళ్లిపోయినవాళ్లూ, అక్కడ పుట్టనే పుట్టని వాళ్ల మనవలూ.

నేను శ్రీశైలం ప్రాజెక్టు గురించి చెప్పాను. కృష్ణలో మునిగిన ఊళ్లు, సంగమేశ్వరం గుడి ఏటా వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడటం. 'ముంపు' అన్న మాటకి స్పానిష్ తెలీక చేత్తో నీళ్లు పైకి రావడం చూపించాను. ఆయనకి ఆ మాటతో అవసరం లేకపోయింది. "బయటపడగానే పూజ చేస్తారా?" అని అడిగారు. పూజారి పడవలో వెళ్లి చేస్తారని చెప్పాను. "ఆ పూజారి జీతం ఎవరిస్తారు?" అన్నారు. అక్కడివాళ్లకి ఇలాంటి విషయాల్లో లెక్క కావాలి. నాకు తెలియలేదు. కర్నూలు పాఠకులెవరైనా రాస్తే ఆయనకి పంపిస్తాను.

కాగితం రుమాలు మీద పటం గీసిచ్చారు. ఈ ఊరు, హైవే, సార్సా, అక్కణ్ణుంచి సన్న రోడ్డు, చివర నీళ్లు, నీళ్ల మధ్య చిన్న చతురస్రం. చతురస్రంలో ఒక చుక్క పెట్టి, ఇది మా ఇల్లు అన్నారు. పటం అవసరం లేదు, ఫోన్‌లో వస్తుంది అనబోయి ఊరుకున్నాను. బిల్లు కట్టబోతే బార్ ఆయన డబ్బు తీసుకోలేదు, పెద్దాయన అప్పటికే కట్టేశారట. గొడ్డుకారం డబ్బా సగం ఆయన దగ్గరే వదిలి వచ్చాను.

సత్రం పడకకి పది పన్నెండు యూరోలు, వేడినీళ్లు పుష్కలం. రేపు బాన్యోస్ దె మోంతెమయోర్ దాకా నడవాలి, పది కిలోమీటర్లే. రోమన్ల కాలం నుంచి వేడినీటి స్నానాలకి పేరున్న ఊరు. నా కాళ్లకి ఆ సంగతి రాత్రే చెప్పి పడుకోబెట్టాను.